ఉప్పు తగ్గించాను, ఇల్లంతా నా మీద అలిగింది

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. ముఖ్యమైన సంగతులు ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"మావారికి నలభై ఎనిమిదేళ్లు. మూడు నెలల క్రితం ఆఫీసులో కళ్లు తిరిగితే పరీక్ష చేయించుకున్నారు. బీపీ బాగా ఎక్కువగా ఉందని మందు రాసి, ఉప్పు తగ్గించమన్నారు. మా మామయ్యగారు పక్షవాతంతో పోయారు. అందుకే నాకు భయం పట్టుకుంది. ఆ సాయంత్రమే ఉప్పు డబ్బా పై అరలోకి ఎక్కించేశాను. ఉప్పు బదులు తాజా ఆకులు వాడొచ్చని ఎక్కడో చదివాను. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ఏది చేతికి దొరికితే అది గుప్పెళ్లతో పప్పులోనూ కూరల్లోనూ వేస్తున్నాను. బాల్కనీలో కుండీలు కూడా పెట్టాను. మొదటి వారం ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత మావారు సగం అన్నం వదిలేసి లేవడం మొదలైంది. అడిగితే 'బానే ఉందిలే' అంటారు. ఆయన ఆఫీసు బ్యాగులో చిప్స్ ప్యాకెట్ల ఖాళీ కవర్లు కనిపించాయి. పద్నాలుగేళ్ల మా అబ్బాయి 'ఇవాళ కూడా గడ్డేనా' అంటాడు. అత్తయ్యగారు నా ముందు ఒక్క మాట అనరు. కానీ నేను స్నానానికి వెళ్లినప్పుడు కూరలో ఉప్పు వేస్తున్నారు. ఓ రోజు గిన్నె అంచున కరగని ఉప్పు కనిపించి తెలిసింది. ఆవిడకి షుగర్ ఉంది, కిడ్నీలు కూడా కాస్త బలహీనపడ్డాయని డాక్టర్ అన్నారు. ఇప్పుడు ప్రతి కూరా రెండు గిన్నెల్లో వండుతున్నాను, ఒళ్లు హూనమవుతోంది. ఆకులు నిజంగా ఉప్పుకు బదులవుతాయా, లేక నా చేతివంటే చెడిందా? 'తక్కువ సోడియం ఉప్పు' అని ఒక ప్యాకెట్ కొన్నాను, ఇంకా విప్పలేదు. వాడమంటారా? అత్తయ్యగారి సంగతి నాకు తెలుసని చెప్పనా, ఊరుకోనా? అందరి బాగు కోసం చేస్తుంటే నేనే విలన్‌ని అయ్యాను."

అమ్మా, ముందు చేతివంట సంగతి చెప్పేస్తాను. మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది అదేననిపించింది. మీ చేయి ఏమీ చెడలేదు. 'అన్నేసి చూడు, నన్నేసి చూడు' అందిట ఉప్పు. ఏళ్ల తరబడి ఒక లెక్కకు అలవాటుపడ్డ నాలుకల ముందు నుంచి దాన్ని ఒక్క పూటలో తీసేశారు. ఎంతటి వంటవాళ్లు వండినా ఆ కంచం దగ్గర మొహాలు చిన్నబోక తప్పదు. మీరు భయంతో చేశారు, ఆ భయానికి కారణమూ ఉంది. పక్షవాతంతో ఒక మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో బీపీ అన్న మాట మామూలుగా వినిపించదు.

ఉప్పు తగ్గించాలన్న నిర్ణయం కూడా సరైనదే, దానిలో సందేహం పెట్టుకోకండి. 2001లో వెలువడిన డ్యాష్-సోడియం అధ్యయనంలో ఒక్కో మనిషికీ మూడు మోతాదుల్లో ఉప్పు ఉన్న భోజనం విడివిడిగా పెట్టి చూశారు. ఉప్పు ఒక్కో మెట్టు దిగినకొద్దీ బీపీ కూడా దిగింది. కూరగాయలు, పళ్లు ఎక్కువున్న భోజనం తోడైనప్పుడు ఇంకా తగ్గింది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని, అంటే ఒక చిన్న చెంచాకు కొంచెం తక్కువ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్రపంచంలో సగటు మనిషి తింటున్నది అందుకు రెట్టింపు పైనే. కాబట్టి మీ గమ్యం తప్పు కాదు. నేను మార్చమంటున్నది మీరు నడిచిన తీరును.

ఇక మీ అసలు ప్రశ్న. ఆకులు ఉప్పుకు బదులవుతాయా? ఉప్పు చేసే పని ఏ ఆకూ చేయలేదు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు పుదీనా ఆకులు నమలండి. చల్లదనం తెలుస్తుంది, కొంచెం చేదు నాలుకకు తగులుతుంది, అంతే. ఇప్పుడు ముక్కు వదలండి. పుదీనా అంతా ఒక్కసారిగా వస్తుంది. అంటే ఆకు పనిచేసేది ముక్కు దగ్గర, ఉప్పు పనిచేసేది నాలుక మీద. ఒకటి తీసి రెండోది పెడితే నాలుక దగ్గర ఖాళీ అలాగే ఉండిపోతుంది.

పైగా ఉప్పు చేసే పని ఇంకొకటి ఉంది, దాన్ని మనం గుర్తించం. అది చేదును అణచిపెడుతుంది. 1997లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో చేదు, తీపి కలిసిన ద్రావణంలో ఉప్పు వేస్తే చేదు తగ్గి తీపి పైకి తేలింది. కూరగాయల్లో, ఆకుల్లో ఎంతోకొంత చేదు ఉంటుంది. ఉప్పు తీసేస్తే అది బయటపడుతుంది. మీరు ఒకవైపు ఉప్పు తీసేశారు, మరోవైపు గుప్పెళ్లతో మెంతికూర వేశారు. మీ అబ్బాయి 'గడ్డి' అన్నది అల్లరితో మాత్రమే కాదమ్మా, వాడి నాలుకకు నిజంగా అలాగే తగిలి ఉంటుంది. పిల్లలకు చేదు అంటే సాధారణంగా పెద్దవాళ్లకంటే ఎక్కువ అయిష్టం.

అలాగని కుండీలు తీసేయకండి. ఉప్పు సగానికి తగ్గినా భోజనం బోసిపోకుండా నిలబెట్టే సత్తా ఆకులకు ఉంది. 2015లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వెలువడింది. ఉప్పు తగ్గించి ఆకులు, మసాలాలతో వండుకోవడం కొందరికి దగ్గరుండి నేర్పించారు. మరికొందరిని వాళ్లంతట వాళ్లే తగ్గించుకోమన్నారు. ఇరవై వారాల తర్వాత చూస్తే, నేర్చుకున్నవాళ్ల ఒంట్లోకి వెళ్తున్న సోడియం (ఉప్పులో బీపీని పెంచే పదార్థం) రెండోవాళ్లకంటే రోజుకు 950 మిల్లీగ్రాముల దాకా తక్కువ. అది దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పు. ఆకులు ఉప్పు స్థానంలో కూర్చోలేవు కానీ, అది కొంచెమే ఉన్నా సరిపోయేలా చేస్తాయి. మీరు పెట్టుకోవలసిన ఆశ ఇంతవరకే. ఇది తక్కువేమీ కాదు.

ఆకుకు తోడు కావాలి. అన్నిటికంటే మంచి తోడు పులుపు. ఉప్పు కొద్దిగా ఉన్నచోట పులుపు పడితే, ఆ ఉన్న ఉప్పే ఎక్కువగా తెలుస్తుంది. నిమ్మరసం, పెరుగు, బాగా పండిన టమాటా, ఏదైనా సరే. రెండోది టమాటాలు, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే గ్లూటమేట్ అనే పదార్థం ఇచ్చే రుచి. ఆ రెండూ నీరు ఇగిరేదాకా వేగితే ఉప్పు తక్కువైన సంగతి చాలామందికి తెలియదు. మూడోది ఘాటు: అల్లం, వెల్లుల్లి, మిరియాలు. ఇవేవీ లేకుండా ఉడికిన కూరలో పచ్చి ఆకు ఒక్కటే పడితే, అది మీ ఇంట్లో జరిగినట్టే కంచం పక్కకు చేరుతుంది.

ఏ ఆకు ఎప్పుడు వేయాలన్నది ఇంకా ముఖ్యం. మీ ఉత్తరంలో 'ఏది దొరికితే అది' అన్న దగ్గర ఆగిపోయాను. ఆకు పరిమళమంతా త్వరగా ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది. కొత్తిమీర, పుదీనా, బేసిల్, పార్స్లీ లాంటి మెత్తని ఆకులు మరిగే పులుసులో పది నిమిషాలు ఉంటే ఆ పరిమళం ఆవిరితో పాటు వంటగదికి వెళ్లిపోతుంది. కూరలో మిగిలేది నార, చేదు. వాటిని స్టవ్ కట్టేశాకే వేయాలి. కరివేపాకు, రోజ్‌మేరీ, థైమ్ లాంటి గట్టి ఆకుల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. వాటి పరిమళం నూనెలోకి దిగాలి, అందుకు వేడీ సమయమూ కావాలి. అవి మొదట్లోనే నూనెలో పడాలి. మెంతికూర ఈ రెండిటికీ మధ్యలోది. దాన్ని నూనెలో బాగా వేగనిచ్చి కొద్దిగా వాడితే బాగుంటుంది. పచ్చిగా పైన చల్లడానికి అది పనికిరాదు.

మామూలు పప్పుతో మొదలుపెట్టండి. పప్పును ఉప్పు లేకుండా ఉడికించి పక్కన పెట్టుకోండి. వేరే గిన్నెలో రెండు చెంచాల నూనె కాగాక నాలుగు వెల్లుల్లి రేకులు చితక్కొట్టి వేయండి. అంచులు బంగారు రంగుకు తిరగగానే కరివేపాకు, చెంచాడు జీలకర్ర. తర్వాత రెండు పండు టమాటాలు సన్నగా తరిగి వేసి, ముక్క ఆనవాలు లేకుండా కరిగి, అంచుల్లో నూనె తేలేదాకా ఆగండి. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. అప్పుడు పప్పు కలిపి ఒక్క పొంగు రానిచ్చి స్టవ్ కట్టేయండి. రెండు నిమిషాలు ఆగి, ఒక చిన్న కట్ట కొత్తిమీర లేత కాడలతో సహా తరిగి కలపండి. ఆకు కంటే కాడలోనే పరిమళం గట్టిగా ఉంటుంది, పారేయకండి. అరచెక్క నిమ్మరసం పిండండి. ఉప్పు అన్నిటికంటే చివర. మామూలుగా మీ ఇంట్లో ఎంత వేసేవారో అందులో సగం కొలిచి పక్కన పెట్టుకుని, అందులోంచి కొంచెం కొంచెం వేస్తూ రుచి చూడండి. పులుపూ పరిమళమూ చేరిపోయి ఉంటాయి కాబట్టి ఎంత ఉప్పు అవసరమో అప్పుడే సరిగ్గా తెలుస్తుంది. పొగలు కక్కే వేడిమీద రుచి చూడకండి, నాలుక సరిగ్గా చెప్పదు.

వేపుళ్ల విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. లోపలి దాకా పట్టిన ఉప్పు కంటే పైన చల్లిన మెత్తని ఉప్పు నాలుకకు ముందు తగులుతుంది. బంగాళాదుంపలు ఉప్పు లేకుండా వేయించి, దించాక చిటికెడు ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన ఉల్లికాడలు చల్లండి. తక్కువ ఉప్పుతో పని అయిపోతుంది. పెరుగులో పుదీనా, వెల్లుల్లి నూరి కలిపితే గుడ్డుకూ చికెన్‌కూ ఉడికించిన కూరగాయలకూ పక్కన బాగుంటుంది. ఎండిన ఆకు వాడితే తాజా ఆకులో మూడో వంతు చాలు. ఇంతకంటే పెద్ద శాస్త్రం లేదు.

ఇక ఉప్పును ఎలా దించాలి? మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది ఇప్పుడు మీరు నడుస్తున్నదే, ఒక్కసారిగా తగ్గించేయడం. ఇంట్లో అందరూ ఒప్పుకుని చేసేదైతే ఇదే వేగంగా ఫలితమిస్తుంది. కొద్ది వారాలు కష్టంగా ఉంటుంది, తర్వాత నాలుకే మారుతుంది. 1982లో వెలువడిన ఒక పరిశోధనలో ఐదు నెలలు తక్కువ ఉప్పు తిన్నవాళ్లకు, చివరికి తక్కువ ఉప్పున్న తిండే రుచిగా అనిపించింది. కానీ ఒప్పుకోని మనుషుల మీద ఇది పనిచేయదు. ఇంట్లో తీసేసిన ఉప్పు చిప్స్ రూపంలో ఆఫీసు బ్యాగులోకి చేరుతుంది. ఇంటి కూరలో ఎంత పడుతుందో మీ చేతిలో ఉంది, ప్యాకెట్‌లో ఎంత పడిందో మీ చేతిలో లేదు. కాబట్టి ఇప్పుడున్న తీరులో మీరు తగ్గించాననుకుంటున్నది నిజంగా తగ్గిందో లేదో కూడా చెప్పలేం.

రెండోది మెట్లు మెట్లుగా దించడం. ఇంతకుముందు పప్పుకు రెండు చెంచాలు వేసేవారైతే ఒకటిన్నరకు రండి. రెండు మూడు వారాలు అక్కడే ఉండండి, మళ్లీ కొంచెం. ఇలా చేస్తే ఇంట్లో గొడవ దాదాపు ఉండదు, ఆకులు ప్రతి మెట్టునూ తేలిక చేస్తాయి. నష్టమల్లా ఆలస్యం. మీవారి బీపీ 'బాగా ఎక్కువ' అన్నారు కాబట్టి, ఇంత మెల్లగా దించితే సరిపోతుందా అని డాక్టర్‌ని అడగాలి.

మూడోది నాకు మీ ఇంటికి బాగా నప్పుతుందనిపిస్తోంది. వంటలో ఉప్పు సగానికి తగ్గించి, చిన్న రంధ్రాల డబ్బాలో ఉప్పు భోజనాల బల్ల మీద పెట్టండి. ఎవరికి కావలసింది వారు చల్లుకుంటారు. అప్పుడు మళ్లీ అంతే తింటారుగా అని మీకు అనుమానం రావచ్చు. 1987లో వెలువడిన ఒక అధ్యయనంలో సరిగ్గా ఇదే చూశారు. వంటలో ఉప్పు బాగా తగ్గించి, బల్ల మీద ఉప్పు ఎంతైనా వాడుకోనిచ్చారు. తగ్గిన దాంట్లో ఐదో వంతు మాత్రమే జనం తిరిగి చల్లుకున్నారు. డబ్బా మీద రంధ్రాలు చిన్నవిగా ఉండాలి, చెంచా పెట్టకూడదు. ఇలా చేస్తే మీకు రెండు గిన్నెల వంట కూడా తప్పుతుంది. ఒకే కూర, ఒకే గిన్నె. ఎవరి కంచానికి వారే పెద్ద. ఇందులో ఇబ్బంది ఒకటుంది: మొదట్లో మీవారు ధారాళంగా చల్లుకుంటే మీరు చూస్తూ ఊరుకోవాలి. ఆ పది రోజులు మీ నోరు కట్టేసుకోగలరా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఏ దారి పట్టినా ఒక లెక్క రాసి పెట్టుకోండి. మీరు నలుగురు. ఒక్కొక్కరికి రోజుకు 5 గ్రాముల చొప్పున నెలకు 600 గ్రాములు, అదీ బయటి తిండితో కలిపి. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాయండి. నెలకే ఖాళీ అయితే ఇంటి ఉప్పే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటిందన్నమాట. ఎవరినీ నిలదీయకుండా మీ ప్రయత్నం ఎలా సాగుతోందో ఆ తేదీ మీకు చెబుతుంది. కొన్న తిండి విషయంలో ప్యాకెట్ వెనక సోడియం అని రాసి ఉన్న అంకె చూడండి. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే గ్రాము ఉప్పు. సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. వంటసోడా ఒక చిన్న చెంచాలో 1,200 పైనే. నీళ్లలో బుసబుస పొంగే మాత్రల్లో చాలావాటిలో కూడా సోడియమే. కూరలో చిటికెడు కోసం పోరాడుతూ వీటిని మర్చిపోవద్దు.

తక్కువ సోడియం ఉప్పు గురించి మాత్రం సూటిగా చెబుతాను: ఆ ప్యాకెట్ విప్పకండి. అలాంటి ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తీసి దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. అది చెడ్డదేమీ కాదు. 2021లో ఫలితాలు వెలువడిన చైనా అధ్యయనంలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేలమంది మీద చూస్తే, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో మామూలు ఉప్పు బదులు ఇలాంటిది వాడటం మేలని సూచించింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను, గర్భిణులను, పిల్లలను ఆ సూచన నుంచి మినహాయించింది. బలహీనపడ్డ కిడ్నీలు పొటాషియాన్ని సరిగ్గా బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పే ప్రమాదముంది. అత్తయ్యగారు, మీ అబ్బాయి మీతోపాటు అదే గిన్నెలోది తింటారు. మీవారి బీపీ మాత్రల సంగతీ చూడాలి. వాటిలో కొన్ని రకాలు పొటాషియాన్ని బయటికి పోనివ్వకుండా ఒంట్లోనే ఉంచేస్తాయి. రంగు ఉప్పులు, రాతి ఉప్పులు ఈ సమస్యకు జవాబు కావు. వాటిలోనూ ఉన్నది ప్రధానంగా సోడియం క్లోరైడే, పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. కొంచెమే వాడినా అయోడిన్ ఉన్న మామూలు ఉప్పే వాడండి.

ఆకుల విషయంలోనూ ఒక జాగ్రత్త. గార్నిష్‌గా, రుచికి పడే ఆకుతో ఎవరికీ ఇబ్బంది రాదు. గుప్పెళ్లకొద్దీ రోజూ తినడం వేరు. వార్ఫరిన్ అనే రక్తం పలచబరిచే మందు ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, పార్స్లీ, కొత్తిమీర లాంటి ఆకుల్లో బాగా ఉండే విటమిన్ కె ఆ మందుకు అడ్డుపడుతుంది. తినే మోతాదు హఠాత్తుగా పెంచకూడదు, తగ్గించకూడదు. అత్తయ్యగారికి పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పి ఉంటే, ఆకులు, టమాటాలు ఎంతవరకు తినొచ్చో వారినే అడగండి.

మీ అబ్బాయికి కొత్తిమీర పడకపోతే బలవంతం వద్దు. కొందరికి పుట్టుకతోనే దాని వాసన సబ్బులా తగులుతుంది. వాసన గ్రహించే ఒక జన్యువుతో దానికి సంబంధముందని కూడా గుర్తించారు. కుండీల్లో వాడికి నచ్చే ఆకు ఏదో వాడినే ఎంచుకోనివ్వండి. వారానికి ఒక పూట కూరలో ఏ ఆకు పడాలో వాడే చెప్పాలి, వాడే తుంచాలి. పద్నాలుగేళ్ల పిల్లాడు తాను తుంచి వేసినదాన్ని గడ్డి అనడు.

ఇప్పుడు అత్తయ్యగారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆవిడే. ఆవిడ మీ మాటను ధిక్కరించడానికి ఉప్పు వేస్తున్నారని నాకు అనిపించలేదు. భర్తను తీసుకెళ్లిన పక్షవాతానికి దారితీసే బీపీ ఇప్పుడు కొడుకుకు వచ్చింది. ఆ కొడుకు కళ్ల ముందే సగం అన్నం వదిలి లేస్తున్నాడు. ఏ తల్లి చేయి ఊరుకుంటుంది? మీరు భయపడి ఉప్పు తీస్తున్నారు, ఆవిడ భయపడి ఉప్పు వేస్తున్నారు. ఇంకో సంగతి కూడా ఉండొచ్చు. వయసు పెరిగేకొద్దీ వాసన పసిగట్టే శక్తి తగ్గుతుంది. మీరు వేసిన ఆకుల పరిమళం ఆవిడ దాకా చేరకపోవచ్చు. ఆవిడకు అది నిజంగానే చప్పిడి కూర. అలాంటివారికి ఆకు కంటే పులుపు, మిరియాల ఘాటు, వేయించిన కరకర ఎక్కువ తృప్తినిస్తాయి.

తెలిసినా తెలియనట్టు ఊరుకోవచ్చు. ఇల్లు ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ గిన్నెలో ఎంత ఉప్పు ఉందో మీకు తెలియదు, డాక్టర్ అడిగితే మీరు చెప్పేది తప్పవుతుంది, మందు మోతాదు కూడా ఆ తప్పు లెక్క మీదే పెరగొచ్చు. అందుకే ఎక్కువ కాలం ఊరుకోవడం మంచిది కాదు. లేదా మీవారితో చెప్పించవచ్చు. అది వేగంగా పనిచేస్తుంది, కానీ కొడుకు ముందు దొరికిపోయానన్న చిన్నతనం ఆవిడలో మిగిలిపోతుంది. ఆ తర్వాత వంటింట్లో మీ ఇద్దరికీ మాటలుండవు.

మీరే, ఎవరూ లేనప్పుడు మాట్లాడితే బాగుంటుందని నా ఉద్దేశం. చూశానని చెప్పండి, దాచకండి, కానీ తప్పు పట్టినట్టు కాకుండా. 'అత్తయ్యా, మీరు కూరలో ఉప్పు వేయడం చూశాను. ఆయన తినడం లేదని నాకూ బెంగగానే ఉంది. నేనే మరీ ఒక్కసారిగా తీసేశాను. ఇక నుంచి కూర దించాక ఉప్పు మీరే వేయండి, ఈ కొలత చెంచాతో. ఎంత చాలో మీరే చూసి చెప్పండి.' ఇలా మీ మాటల్లో చెప్పండి. ఇంట్లో అందరికంటే ఎక్కువ వంట చేసిన చేయి ఆవిడది. ఆ చేతికి కొలత చెంచా ఇస్తే, స్నానాల వేళ చూసి చేయవలసిన అవసరం ఉండదు. ఆవిడ కిడ్నీలకు కూడా ఉప్పు తగ్గడం మంచిదేనని డాక్టర్ చేతే చెప్పించండి. కోడలు చెప్పిన పథ్యం కంటే డాక్టర్ చెప్పిన పథ్యం వినడం తేలిక. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు, అలగవచ్చు కూడా. అప్పుడు బల్ల మీద ఉప్పు డబ్బా దారి ఎలాగూ ఉంది. ఆవిడ కంచంలో ఆవిడ వేసుకుంటారు, గిన్నె జోలికి పోకుంటే చాలు.

మీవారితో చిప్స్ కవర్ల ప్రస్తావన తేకండి. 'బానే ఉందిలే' అన్న మనిషి మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక అలా అంటున్నారు. ఆకలి బయట తీర్చుకుంటున్నారు. ఆయన్ని ఒక్కటే అడగండి: రోజులో ఏ పూట భోజనం మామూలు రుచితో ఉంటే మిగతా రెండు పూటలూ ఓర్చుకోగలరు? ఆ ఒక్క పూట ఆయన ఇష్టానికి వదిలేయండి. ఆఫీసుకు ఉప్పు లేని వేరుశనగలు మిరియాలు, నిమ్మరసం, తరిగిన కొత్తిమీరతో కలిపి ఇచ్చి చూడండి. తింటే మంచిది, తినకపోతే ఇంకొకటి చూద్దాం. ఆయన బీపీ, ఆయన నాలుక. ఆయన చేయి కలపకుండా మీరొక్కరే ఎంతకాలం లాగుతారు?

ఈసారి ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరూ వెళ్లండి. ఇద్దరి మందుల చీటీలూ, ఆ విప్పని ఉప్పు ప్యాకెట్టూ, వారం రోజులపాటు ఒకే వేళకు చూసి రాసిన బీపీ అంకెలూ తీసుకెళ్లండి. ఈ మాత్రలతో పొటాషియం ఉప్పు కుదురుతుందా, ఉప్పు మెట్లుగా దించితే సరిపోతుందా, ఉప్పు తగ్గాక కళ్లు తిరిగినా నీరసం వచ్చినా మాత్ర మోతాదు మార్చాలా అని అడగండి. ఆయనంతట ఆయన మాత్ర మానేయకూడదని కూడా ఆయన ముందే అడిగి చెప్పించుకోండి. ఇంట్లో ఉప్పు తగ్గించాం కదా, ఇక మాత్ర ఎందుకని చాలామంది అక్కడే పొరపడతారు.